కట్టు విప్పేదాకా

మొన్న టీవీలో వాయుగుండం అని చెప్పగానే మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గేటు పక్కనున్న నిమ్మచెట్టుకు నీలంరంగు పట్ట కప్పాడు. పైనుంచి కిందిదాకా బట్టలమూట మాదిరి చుట్టేసి, ప్లాస్టిక్ తాడుతో అడ్డదిడ్డంగా బిగించేశాడు. పాల ప్యాకెట్ కోసం దిగినదాన్ని, చూస్తూ ఊరుకోలేకపోయాను. "ఇట్టా కడితే ఊపిరాడక చస్తుంది నాయనా" అని తాడంతా ఊడదీయించి, తూర్పు పక్క మాత్రం పట్ట నిలబెట్టి, పడమర వదిలేసి కట్టి చూపించాను. ఆ అబ్బాయి నా వేళ్ళ వంకే చూస్తూ, "ఈ ముడి ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అన్నాడు. ఎక్కడని చెప్పను? ఆ చోటే ఇప్పుడు లేదు. ఇన్నేళ్ళుగా తాటాకు ముట్టని చేతులకు ఆ ముడి ఇంకా గుర్తుండటం నాకే విడ్డూరంగా అనిపించింది.

మా ఊరు సముద్రానికీ కాలవకీ మధ్య ఇసకలో ఉండేది. తూర్పున సముద్రం. పడమర కట్టెల పడవలు, ఉప్పు పడవలు తిరిగే పెద్ద కాలవ. కాలవ దాటితేగాని బండిబాట లేదు, బడి లేదు, నెల్లూరుకు పోయే బస్సు లేదు. ఎండాకాలంలో కాలవ మాకు ఒక లెక్క కాదు. వానాకాలం వస్తే అదే కాలవ అవతలి చేలతో కలిసిపోయి, ఎక్కడ కాలవో ఎక్కడ చేనో తెలియకుండా పరుచుకునేది. ఇటు సముద్రం, అటు ఆ నీళ్ళు. మధ్యలో మేము.

ఊళ్ళో అందరూ సరుగుడో, రాగో, వేరుశనక్కాయో వేసుకుని సుఖంగా ఉండేవాళ్ళు. మా వాళ్ళు మాత్రం నిమ్మతోట పెట్టారు. మా తాతకు ముత్తాత ఎవరితోనో పంతానికి పోయి, 'ఇసకలో నిమ్మ కాయించి చూపిస్తా' అన్నాడట. ఆయన పంతం నెగ్గించుకుని హాయిగా పోయాడు. ఆ పంతానికి నీళ్ళు మోసే పని మాత్రం తరవాత వచ్చిన కోడళ్ళకు పడింది. మా ఊరి మగవాళ్ళు రేవు దగ్గర కూర్చుని, "ఏమబ్బా, సముద్రానికి నిమ్మకాయలు అమ్మతా ఉండారా ఈ యేడు?" అని మా నాయనను ఆట పట్టించేవాళ్ళు. నాయన నవ్వి ఊరుకునేవాడు. ఆయనకు అన్నింటికీ అదే జవాబు.

చలికాలమంటే ఇప్పటి పిల్లలకు స్వెట్టర్లూ పొగమంచూ గుర్తొస్తాయేమో. మాకు చలికాలమంటే గాలి. ఈశాన్యం మూల నుంచి లేచి, సముద్రం మీది నీటితుంపర మోసుకుని వచ్చి తోట మీద పడేది. నిమ్మచెట్టు మహా సుకుమారం. వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే కుళ్ళుతుంది. ఆకు మీద ఉప్పు ఆరితే నిప్పు తగిలినట్టు మాడుతుంది. అందుకని దీపావళి అమావాస్య పోయాక ఒక మంచిరోజు చూసి తోటకు కట్టు కట్టేవాళ్ళు. ముందు సముద్రం వైపు నిలువెత్తు తాటాకు దడి. ఆ తరవాత ఒక్కో చెట్టు మొదట్లో ఇసక ఎగదోసి, తూర్పు పక్క రెండు సరుగుడు కర్రలు పాతి, వాటికి తాటాకులు తాటినారతో బిగించి కట్టడం. ఆకులు చాలకపోతే వరిగడ్డి. ఆ నాలుగు రోజులూ తోటంతా పచ్చి తాటాకు వాసనా, తడిసిన నార వాసనా, చేతికి తగిలిన ప్రతి నిమ్మాకు వాసనా కలిసి, ముక్కుకు పండగగా ఉండేది.

అన్ని చెట్లకూ మగవాళ్ళు కట్టేవాళ్ళు గానీ, కోడళ్ళ చెట్లకు మాత్రం కోడళ్ళే కట్టుకోవాలి. మా ఇంటికి వచ్చిన ప్రతి కోడలూ కాపురానికి వచ్చిన యేడే తోటలో ఒక మొక్క నాటాలి. జేజి చెట్టు దొరువు పక్కనే ఉండేది. జేజి అంటే మా నాయన తల్లి. దొరువు అంటే ఇసకలో తవ్విన గుంట, లోపలికి మెట్లలాగా దిగి కడవ ముంచుకునేంత లోతు. సముద్రం కూతవేటు దూరంలోనే ఉన్నా అందులో నీళ్ళు మాత్రం తియ్యగా ఉండేవి. అమ్మ వచ్చేసరికి మంచి జాగాలన్నీ అయిపోయాయి. ఆమె చెట్టు సముద్రం వైపు చిట్టచివరి వరసలో, గాలి ముందుగా తగిలేచోట పడింది.

ఈ కోడళ్ళ చెట్లకు ఒక నియమం ఉంది. కట్టిన చెయ్యే విప్పాలి. పుష్యమాసం అమావాస్య దాటాక, గాలి మళ్ళినాక, ఎవరి చెట్టు కట్టు వాళ్ళు తమ చేత్తో విప్పాలి. కత్తి పెట్టి కోయకూడదు. విప్పేదాకా ఆ మనిషి కాలవ దాటకూడదు. ఎప్పుడో ఒక కోడలు దాటిందంట. ఆ యేడు తోట మొత్తం పోయిందంట. ఆ కోడలు ఎవరో, ఏ కాలందో జేజికి కూడా తెలీదు. ఆ 'అంట' ఒక్కటి పట్టుకుని మా ఇంట్లో ఆడవాళ్ళను చలికాలం పొడుగునా ఇసకలో పాతేసేవాళ్ళు.

కట్టు మాకు, పిల్లలకు లేదు. అయితే ఏం లాభం? బడి అవతల ఉంది. వరద నీళ్ళలో పిల్లల్ని పడవెక్కించడానికి ఎవరికీ ధైర్యం చాలదు. నేనూ, నాకంటే చిన్నవాడు తమ్ముడూ ఇంట్లోనే. తలుపు తీస్తే వాన, మూస్తే పొగ. నడింట్లో కట్టెలు, మూలన తాటాకులు, దండెం మీద ఎన్నటికీ ఆరని బట్టలు, గంప కింద తడిసిన కోళ్ళు, వాటికి తోడు మేకపిల్ల. అన్నిటికీ కలిపి ఒకటే వాసన. ఆ వాసన మా జుట్టుకు పట్టేది, అన్నానికి పట్టేది. సముద్రం మాత్రం కనపడదు. దడి కట్టిన రోజునుంచి దాని హోరు వినడమే గాని చూడటం లేదు. పక్కనే ఉన్న మనిషి మొహం చూడనీయకుండా మాట మాత్రం వినిపిస్తున్నట్టు నాకు పిచ్చెక్కేది. ఒకరోజు పుల్ల పెట్టి పొడిచి దడిలో కన్ను పట్టేంత కంత చేశాను. అవతల బూడిదరంగు నీళ్ళు, ఒకదాని మీద ఒకటి పడిపోతున్న అలలు. చూస్తుండగానే చెవి మెలితిరిగింది. వెనక జేజి.

"ఏం జూస్తా ఉండావే?"

"సముద్రాన్ని జేజీ."

"నువ్వు జూస్తే అది నిన్ను జూడదా? గాలి ఆ కంతలోంచే వస్తాది" అని గుప్పెడు గడ్డి కుక్కింది. మర్నాడు ఇంకోచోట ఇంకో కంత చేశాను. జేజి దాన్నీ కుక్కింది. ఆ చలికాలం మా ఇద్దరికీ అదే ఆట.

తిండికి మాత్రం లోటుండేది కాదు. పొయ్యిలో కాల్చిన గేగుల్ని, అదే తేగల్ని, చీల్చి తింటుంటే తాటిపీచు పళ్ళల్లో ఇరుక్కునేది. ఎండు రొయ్యలు గోంగూరలో వేస్తే ఇల్లంతా వాసన. జాడీలో నిమ్మకాయ ఊరగాయ మీద మా ఇద్దరి కన్ను. జేజి అటు తిరిగితే తమ్ముడు కాపలా, నేను దొంగ. ఒకసారి చెయ్యి పెట్టేసరికి అడుగుల చప్పుడైతే ముక్క మొత్తం నోట్లో వేసుకుని మింగేశాను. కళ్ళనీళ్ళు ధారగా కారిపోతున్నాయి. జేజి వచ్చి చూసి, "ఏందిమే, ఎవురు పోయినారని ఏడస్తా ఉండావు?" అంది. ఆ మాట తలుచుకుని తమ్ముడు పండగలదాకా నవ్వాడు.

అమ్మ మాత్రం నవ్వేది కాదు. అమ్మ పుట్టిల్లు బుచ్చిరెడ్డిపాలెం దాపున. నల్లమట్టి, వరిచేలు, గాదెలు, వచ్చేపోయే జనం. "మా ఊళ్ళో కాలికి బురదంటితే ఒక చెంబు నీళ్ళతో పోతాది. ఈ ఇసక మనిషి లోపలికి పోతాది" అనేది. అన్నంలో ఇసక, జడలో ఇసక, తలగడలో ఇసక. ఎండాకాలంలో పుట్టింటికి పోయి వచ్చినా, దీపావళి దగ్గరపడే కొద్దీ అమ్మ మాట తగ్గిపోయేది. కట్టు కట్టే రోజు ఆమె తాటినార ముడేస్తుంటే నేను పక్కన నిలబడి నార అందించేదాన్ని. ఆ ముడి నాకు అట్లా పట్టుబడింది. ఆ ముడి పడుతున్నప్పుడు అమ్మ మొహం చూడటం నాకు ఇష్టముండేది కాదు.

ఆ యేడు కట్టు కట్టాక కొన్నాళ్ళకు, వాన తెరిపిచ్చిన ఒక పొద్దున, కాలవ మీద కట్టెల పడవ నడిపే ఆయన మా రేవులో ఆగి కేక వేశాడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ పోయింది. నేనూ వెనకే పోయాను.

"అమ్మా, మీ తమ్ముడు నెల్లూరులో కనిపించినాడు. మీ అమ్మకు బాగలేదంట. నిన్ను ఒకసారి జూడాలంటా ఉండాదంట."

"ఏమైందంట?"

"అదేం చెప్పలేదమ్మా. తొందరగా రమ్మన్యాడు."

అమ్మ ఇంట్లోకి వచ్చేసరికి జేజి వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది.

"అత్తా, మా అమ్మకు బాగలేదంట."

చేట ఆగలేదు. "ఎవురు చెప్పినారు?"

"పడవాయన. మా తమ్ముడు చెప్పి పంపినాడంట."

"బాగలేకుంటే బాగవుతాది. దేవుడుండాడు."

"నన్ను జూడాలంటా ఉండాదంట."

"కట్టు విప్పినాక పోదువు."

"అప్పటిదాకా ఉంటాదో లేదో అత్తా!"

అప్పుడు ఆగింది చేట. "నేనేమన్నా రాయినా? నీ చెట్టు కడా వరసలో ఉండాది. ఆ వరస బోతే తోట బోతాది. తోట బోతే ఈ బిడ్డలకేం పెడతావు? ఇసక పెడతావా?"

అమ్మ నాయన వంక చూసింది. మా నాయన బెదిరిన ఎద్దు కొమ్ములు పట్టి నిలబెట్టగలడు. వాళ్ళమ్మ ఎదురుగా మాత్రం ఆయన నాలుక ఎక్కడ పెట్టుకునేవాడో తెలీదు. ఇంటి కప్పు వంక చూసి, "ఆడ కారతా ఉన్నట్టుండాది" అని నిచ్చెన తెచ్చుకుని పైకెక్కిపోయాడు. అక్కడ ఏమీ కారడం లేదు. నాకు ఆయన మీద అంత కోపం మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ఆ తరవాత అమ్మ ఆ మాటే ఎత్తలేదు. ఎత్తకుండా ఇల్లంతా దాంతో నింపేసింది. వండింది, వడ్డించింది, కడవలు మోసింది. మధ్యలో ఉప్పుగాలి ఒకసారి కొట్టింది. గాలి కొట్టిన మర్నాడు ఎండ పొడవకముందే చెట్లన్నీ కడగాలి. ఆకు మీది ఉప్పు ఎండకు ఆరితే ఇక అంతే. ఇంటిల్లిపాదీ దొరువు చుట్టూ చేరి కడవలు ముంచి, చెంబులతో ఆకుల మీదికి నీళ్ళు చిమ్మేవాళ్ళం. మేం దాన్ని చెట్లకు తలంటు అనేవాళ్ళం. చలికి పళ్ళు కొట్టుకునేవి. అమ్మ తన చెట్టు కొమ్మను వంచి ఆకు ఆకునూ వేళ్ళతో రుద్ది కడుగుతూ, ఉన్నట్టుండి అంది, "మా అమ్మకు తల నేనే దువ్వేదాన్ని పాపా. ఇప్పుడెవురు దువ్వతా ఉన్నారో."

"మనం పోదామా?" అన్నాను.

"ఎట్ట పోతాం?" అంది, చెట్టుకు కట్టిన ముడి వంక చూస్తూ.

రెండు మూడు రోజులు పోయాక ఒక ఉదయం ఆకాశం కాస్త విడిచి తెల్లని ఎండ వచ్చింది. అమ్మ పొద్దున్నే వండి అందరికీ పెట్టింది. మడతల్లో దాచుకున్న చీర కట్టుకుంది. నన్ను కూడా తల దువ్వి తయారు చేసింది. తరవాత నేరుగా తోటలోకి నడిచి, కడా వరసలో తన చెట్టు ముందు నిలబడి, కట్టు విప్పడం మొదలుపెట్టింది.

వానకు తడిసి నార ఉబ్బిపోయింది. ముడి రాదు. గోళ్ళతో గీరింది. గోరు విరిగింది. వంగి పళ్ళతో పట్టి లాగింది. జేజి వచ్చి వెనక నిలబడింది. ఆమె అడ్డం పడుతుందని, అరుస్తుందని, ఇద్దరూ పోట్లాడుకుంటారని నేను అమ్మ కొంగు పట్టుకున్నాను.

"విప్పితే ఈ యేటికి మళ్ళా కట్టేది లేదు. తెల్సునా?" అంది జేజి.

"తెల్సు అత్తా."

"చెట్టు బోతాది."

"పోనీ. చెట్టు మళ్ళా నాటుకుంటా."

ముడి వచ్చింది. ఇంకోటి వచ్చింది. తాటాకులు ఒక్కొక్కటే కిందపడ్డాయి. ఎప్పుడొచ్చాడో నాయన, ఆ ఆకులన్నీ ఏరి దడి పక్కన పేర్చి, మా కంటే ముందు రేవుకు నడిచి పడవను పిలిచాడు. నిచ్చెన ఎక్కిన నాటి కోపంలో సగం నాకు అక్కడే పోయింది. తనూ వస్తానని తమ్ముడు ఏడుస్తుంటే జేజి వాణ్ణి చంకనేసుకుని ఇంట్లోకి తీసుకుపోయింది.

దారంతా అమ్మ ఏడుస్తూనే ఉంది. పడవలో ఏడ్చింది. బండిబాట మీద ఏడ్చింది. నెల్లూరు బస్సులో పక్కనున్న ముసలామె, "ఎవురికమ్మా?" అంటే, "మా అమ్మకు" అని ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆమె కూడా కాసేపు కళ్ళు ఒత్తుకుంది. బుచ్చిరెడ్డిపాలెం దాటాక బస్సు దిగి వరిగట్ల మీద, చీలమండల లోతు బురదలో నడిచాం. ఊరు కనపడ్డాక అమ్మ చెవి రిక్కించి వింది. ఏడుపులు వినపడతాయేమోనని. ఏమీ వినపడలేదు. నా చెయ్యి వదిలేసి పరిగెత్తింది.

మా అమ్మమ్మ అరుగు మీద కాళ్ళు బారచాపుకుని చిన్న ఇత్తడి రోట్లో ఆకూ వక్కా దంచుకుంటోంది.

అమ్మ వాకిట్లో అట్లాగే నిలబడిపోయింది. "నీకు బాగలేదన్నారే?"

"దా అమ్మా దా. అబ్బా, ఎంత చిక్కిపోయినావే!"

"నీకు బాగలేదన్నారు గదమ్మా!"

"నాకేం, గుండ్రాయిలాగుండా. బాగలేదని చెప్పకుంటే పంపతారా మీవాళ్ళు? నీ పెండ్లయినకాడ్నించి చలికాలంలో నీ మొకం జూళ్ళా. వానల్లో ఎప్పుడన్నా గుటుక్కుమంటే నా గతేందని బుద్ధి పుట్టింది. చచ్చినాక నువ్వొచ్చి ఎంత ఏడిస్తే నాకు కనిపిస్తాదా, వినిపిస్తాదా? ఉన్నప్పుడే ఒకసారి జూసుకుందామని నేనే చెప్పి పంపిస్తి."

అమ్మ బురదకాళ్ళతోనే మెట్టు మీద కూలబడింది. "నేను కట్టు విప్పేసి వచ్చినానే" అంది. "నా చెట్టు విప్పేసి వచ్చినా."

అమ్మమ్మకు ఆ కట్టు సంగతి తెలుసు. రోట్లో దంచడం ఆపేసి, "విప్పినావా? నాకోసరమా?" అంది. అమ్మ, "నిన్ను నేనే చంపతా ఇప్పుడు" అని తల్లి భుజం మీద ఒకటి చరిచింది. చరిచి అదే భుజం మీద తల పెట్టి భోరుమంది. ఏడుస్తూ మధ్యలో నవ్వడం మొదలుపెట్టింది. నేను ఆ చలికాలంలో అమ్మ నవ్వు వినడం అదే మొదలు.

అమ్మమ్మ ఆ రోజు కోడిని కోసింది. మర్నాడు అమ్మకు నువ్వుల నూనె పట్టించి తలంటి పోసింది. అమ్మ ఆమె తల దువ్వింది. బెల్లం పొంగలి, మినపసున్ని, ఏది నోటికి పడితే అది. కానీ మూడోనాడు గాలి లేచింది. ఆ ఊళ్ళో అది పెద్ద గాలేమీ కాదు, వరి కాస్త పడుకుంది అంతే. అమ్మ మాత్రం తింటున్న కంచం వదిలేసి వాకిట్లోకి వచ్చి తూర్పు వైపు చూస్తూ నిలబడింది. ఇసకలోంచి బయటపడ్డా మనిషికి అక్కడ కూడా విడుదల లేదు.

వాన వెలిశాక తిరిగి బయల్దేరాం. పడవలో అమ్మ నాతో, "నువ్వేం మాట్లాడొద్దు. జేజికి నేను చెప్తా" అంది. ఏం చెప్తుందో నాకు అర్థమైపోయింది. అమ్మమ్మ మంచాన పడి ఉంది, అమ్మను చూసి లేచి కూర్చుంది అని చెప్తుంది. నేనైనా అదే చెప్పేదాన్ని.

ముందు తోటలోకి పోయాం. చుట్టూ కట్టులో ఉన్న చెట్లన్నీ పచ్చగా ఉన్నాయి. అమ్మ చెట్టు ఒక్కటి మోడు. మాడిన ఆకులు మొదలు చుట్టూ గోధుమరంగుగా రాలి ఉన్నాయి. దాని కింద ఇసక ఇంకా తడిగానే ఉంది. తమ్ముడు పరిగెత్తుకొచ్చి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. గాలి కొట్టినాక జేజి అన్నిటికంటే ముందు ఈ చెట్టునే కడిగిందంట. నాయన మళ్ళీ కడతానంటే, విప్పిన చెయ్యి ఈడ లేదని ఒప్పుకోలేదంట. కట్టకుండా, ఎవర్నీ ముట్టుకోనీయకుండా, ఒక్కతే కడవలు మోసి పోస్తానే ఉండిందంట, ఆకు మొత్తం రాలేదాకా. ఇప్పుడు నడుం పట్టేసి పడుకుని ఉందంట.

అమ్మ ఇంట్లోకి పోయింది. జేజి మంచం మీద లేచి కూర్చుంది.

"మీ అమ్మను జూసినావా?"

"జూసినా అత్తా."

"ఎట్టుండాది?"

అమ్మ నోరు తెరిచింది. పడవలో కూడబలుక్కున్న మాట వస్తుందని నేను చూస్తున్నాను. రాలేదు. "బాగుండాది" అంది అమ్మ. "ఏ జబ్బూ లేదత్తా. అరుగు మీద కూర్చోని ఆకూవక్కా దంచుకుంటా ఉండింది. నన్ను జూడాలని అట్ట చెప్పి పంపిందంట."

ఇల్లు కూలుతుందనుకున్నాను. తమ్ముణ్ణి పట్టుకుని తలుపు వెనక్కి జరిగాను. జేజి నడుం పట్టుకుని అమ్మ వైపు తిరిగింది.

"నీతో మాట్లాడిందా?"

"మాట్లాడింది. కోడిని కోసింది. తలంటి పోసింది."

"మొకం కళగా ఉండిందా?"

"ఉండింది అత్తా."

"అట్ట జూడాల" అంది జేజి. "తల్లిని అట్ట జూడాల. నేను పొయ్యేతలికి మా అమ్మను కాల్చేసినారు. నిప్పు గూడా లేదు. మా అత్త కట్టు విప్పినాక పోదువనింది. నీకు నేను చెప్పినట్టే, ఆ మాటే. నేను విని ఉండిపోయినా."

జేజి పుట్టిల్లు మా కాలవ మీదే, దక్షిణంగా పడవలో ఒక పూట దూరం. తల్లి పోయిన యేటినుంచి ఆమె ఆ ఊరికి పోలేదు. ఎండాకాలంలో కూడా పోలేదు. ఎవరైనా అడిగితే, "ఆడ నాకేముండాది" అనేది. పంతమని అందరూ అనుకునేవాళ్ళం.

నడుం సర్దుకున్నాక ఒక పొద్దున జేజి దొరువు పక్కన తన చెట్టు దగ్గర కనిపించింది. కట్టు విప్పుతోంది. ఇంకా పుష్యం రాలేదు, గాలికాలం పోలేదు. అమ్మ పరిగెత్తింది.

"అత్తా, ఇదేంది? ఇప్పుడు విప్పితే..."

"తెల్సు."

"పో, నేను విప్పతా. నీ వేళ్ళు ఆడవు."

"కట్టిన చెయ్యే విప్పాల" అంది జేజి. ఆమె వేళ్ళు వంకర్లు పోయి ఉండేవి. ముడి మీద జారిపోతూ ఉండేవి. నాయన, అమ్మ, మేమిద్దరం చుట్టూ నిలబడి ఉంటే, పొద్దు బారెడెక్కేదాకా ఆమె ఒక్కతే విప్పుకుంది. ఆఖరి తాటాకు పడ్డాక చెయ్యి దులుపుకుని, "పడవను పిలువు అబ్బయా" అంది నాయనతో.

"యాడికమ్మా?"

"మా ఊరికి."

"ఆడ మనవాళ్ళెవురుండారు?"

"ఎవురూ లేరు. పోవాల."

అమ్మ, నేను ఆమెతో వెళ్ళాం. ఆ ఊళ్ళో జేజి ఎవర్నీ దారి అడగలేదు. తిన్నగా పోయి ఒక పూరింటి ముందు ఆగింది. ఆ ఇంట్లో ఎవరో కొత్తవాళ్ళు కాపురముంటున్నారు. చంటిబిడ్డను ఎత్తుకున్న పిల్ల బయటికి వచ్చి, "ఎవురు గావాలవ్వా?" అంది. జేజి, "కొంచెం నీళ్ళియ్యమ్మా" అంది. ఆ పిల్ల చెంబుతో తెచ్చింది. జేజి సగం తాగి ఆగింది. "నీళ్ళు అయ్యే" అంది అమ్మతో. "మా అమ్మ పోసిన నీళ్ళే." అని ఆ మెట్టు మీద కూర్చుని, పొద్దున్నే పోయిన తల్లిని తలుచుకున్నట్టు, అమ్మా అమ్మా అంటూ ఏడ్చింది. నలుగురూ చేరారు. ఆ ఇంటి పిల్లకు ఆమె ఎవరో, ఎందుకు ఏడుస్తోందో తెలీదు. బిడ్డను ఎవరి చేతికో ఇచ్చి వచ్చి జేజి పక్కన కూర్చుని భుజం పట్టుకుంది. అడగకుండా పట్టుకుంది.

ఆ యేడు మళ్ళీ గాలి రాలేదు. వచ్చి ఉంటే మా పెద్దవాళ్ళు ఏ కథ అల్లుకునేవాళ్ళో, మేం ఏ భయంతో పెరిగేవాళ్ళమో. అమ్మ చెట్టు మాఘంలో చిగురేసింది. సముద్రం వైపు కొమ్మలు మాత్రం ఎండిపోయాయి, దాన్ని అట్లాగే ఒంటిపక్క చెట్టుగా చూశాం. మరుసటేడు కూడా తోటకు కట్టు కట్టారు. కోడళ్ళు చెట్లకు తాటాకులు కట్టారు, పని పడితే కాలవ దాటారు. ఎవరూ దాని గురించి ఒక్క మాట అనుకోలేదు. ఇన్ని తరాల ఆడవాళ్ళను కదలనీయనిది అంత సులువుగా పోయిందంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. అంత సులువుగా పోయేదాన్ని ఎవరూ ముందే ఎందుకు తీసేయలేదు?

ఇప్పుడక్కడ తోట లేదు. దొరువు పూడిపోయింది. ఇసక తవ్వి రొయ్యల గుంటలు వేశారు. సముద్రం చూడాలంటే ఏ దడీ అడ్డం లేదు గాని, చూడటానికి మావాళ్ళెవరూ అక్కడ లేరు. తోట పోయిందని నాకు పెద్ద బాధ లేదు. నాకు జేజి పుట్టింటినుంచి తిరిగొచ్చిన ఆ పడవే గుర్తొస్తుంటుంది. జేజి కాసేపు నీళ్ళ వంక చూసి, వాలి, అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. పట్టపగలు. మా రేవు వచ్చింది. పడవాయన లేపబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "ఉండనీ అన్నా, కాసేపు పోనియ్యి" అంది. పడవ మా రేవు దాటి ముందుకు పోయింది.